లవం, హారం: పాఠ్యపుస్తక నిర్వచనాలపై విమర్శనాత్మక పరిశీలన

1. ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- భిన్నంలోని లవం, హారం చేసే పనులను వేరువేరుగా వివరించగలుగుతారు.
- బడి పుస్తకాల్లో వాడుకలో ఉన్న నిర్వచనాల బలాన్ని, బలహీనతను అంచనా వేయగలుగుతారు.
- తెలుగు నుడికారంలోను, పాత కొలతల్లోను ఉన్న భిన్నభావనను గుర్తించగలుగుతారు.
- వాటాలు, పాళ్లు, కొలతల విషయంలో జరిగే పొరపాట్లకు కారణం చెప్పగలుగుతారు.

2. పరిచయం

డిగ్రీ స్థాయిలో చదువుతున్నవారికి భిన్నాల పాఠం ఎందుకని మీకు అనిపించవచ్చు. భిన్నాలను కూడడం, తీసివేయడం మీకు వచ్చే ఉంటుంది. కనుక ఇక్కడ ఆ లెక్కలు మళ్లీ నేర్పడం లేదు. ఆ లెక్కలు మనకు ఏ మాటల్లో నేర్పారో ఆ మాటలను పరిశీలిస్తున్నాం. ఒక కావ్యాన్ని విమర్శించినట్లే ఒక నిర్వచనాన్ని కూడా విమర్శించవచ్చు. అది చెప్పదలచింది ఏమిటి? చెప్పగలిగింది ఎంత? చెప్పకుండా వదిలింది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలూ నిర్వచనానికీ వర్తిస్తాయి.

ఈ పరిశీలన అవసరం కావడానికి మరో కారణం ఉంది. దూరవిద్యలో చేరినవారిలో చాలామంది చదువు మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టినవారు. కొందరు ఇప్పటికే పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారు, కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. ‘లెక్కలు నాకు రావు’ అనే మాట ఎక్కడ మొదలైందని అడిగితే వీరిలో చాలామంది చూపే చోటు భిన్నాల పాఠమే. పూర్ణసంఖ్యలదాకా వేళ్లు సాయం చేస్తాయి. భిన్నం దగ్గర వేళ్లు ఆగిపోతాయి, మాట మొదలవుతుంది. ఆ మాట సరిగా లేకపోతే తప్పు విద్యార్థిది కాదు.

3. నిర్వచనం ఏమి చెబుతుంది?

తరగతి గదుల్లో సాధారణంగా వినిపించే నిర్వచనాలు రెండు.

మొదటిది: ‘గీతకు పైన ఉన్నది లవం, కింద ఉన్నది హారం.’

రెండవది: ‘ఒక మొత్తాన్ని కొన్ని సమాన భాగాలు చేసినప్పుడు, ఆ భాగాల సంఖ్య హారం, వాటిలో తీసుకున్న భాగాల సంఖ్య లవం.’

3.1 స్థానం అర్థం కాదు

మొదటి నిర్వచనం చెప్పేది చిరునామా మాత్రమే. ఇంటి నంబరు చెప్పి ఇంట్లో ఉన్న మనిషి గురించి చెప్పానని అనుకోవడం వంటిది ఇది. పైగా పై సంఖ్య, కింది సంఖ్య ఒకే రకం సంఖ్యలన్న భ్రమను కలిగిస్తుంది. ఆ భ్రమ నుండే 1/2 + 1/3 = 2/5 అనే ప్రసిద్ధమైన తప్పు పుడుతుంది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడిన విద్యార్థి తనకు చెప్పిన నిర్వచనాన్ని నమ్మకంగానే పాటించాడు. వచ్చిన జవాబు 2/5 అసలు సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గడం ఎలా సాధ్యమన్న ప్రశ్న అతనికి తట్టలేదు. ఎందుకంటే అతని చేతిలో ఉన్నవి నాలుగు అంకెలే గాని రెండు పరిమాణాలు కావు.

1/4 కంటే 1/3 చిన్నదనుకోవడమూ ఈ కోవలోదే. మూడు కంటే నాలుగు పెద్దది నిజమే. కాని హారం పెరిగినకొద్దీ ముక్క చిన్నదవుతుంది. పంక్తిలో మనుషులు పెరిగితే గిన్నెలో పులిహోర ఒక్కొక్కరికి తగ్గినట్లే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పుస్తకంలో మాత్రం కొత్త సూత్రంలా కనిపిస్తుంది.

3.2 ‘మొత్తం’ ఏది?

రెండవ నిర్వచనం మొదటిదానికంటే ఎంతో మెరుగైనది. ‘సమాన’ అనే మాట దానికి ప్రాణం. కాగితం మడిచి, వృత్తాలకు రంగులు వేసి దీన్ని బోధించే పద్ధతి కూడా మెచ్చుకోదగినదే. అయితే బొమ్మలో మొత్తం ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. ఒకే వృత్తం, ఒకే రొట్టె. అందువల్ల ‘దేనిలో సగం?’ అని అడగవలసిన అవసరం విద్యార్థికి రాదు. బడి దాటాక అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. తాపీమేస్త్రి ‘ఒకటికి నాలుగు’ కలపమన్నాడు. అంటే ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక. ఇప్పుడు ఆ కలిపిన సరుకులో సిమెంటు ఎన్నో వంతు? నాలుగో వంతు అని చెప్పేవారే ఎక్కువ. అది తప్పు. మొత్తం పాళ్లు అయిదు కనుక సిమెంటు అయిదో వంతు, అంటే 1/5. ఇసుకతో పోల్చితే మాత్రం సిమెంటు 1/4. రెండు జవాబులకూ లవం ఒకటే. దేనిని మొత్తంగా తీసుకున్నామన్నదాన్ని బట్టి హారం మారింది. కాబట్టి హారం ఒట్టి సంఖ్య కాదు. అది మొత్తాన్ని గుర్తుచేసే సంఖ్య.

3.3 నాలుగు ముక్కల్లో ఏడు ఎలా?

‘తీసుకున్న భాగాలు’ అనే మాటతో అసలు చిక్కు 7/4 దగ్గర వస్తుంది. నాలుగు భాగాలు చేసి అందులో ఏడు తీసుకోవడం ఎవరి తరమూ కాదు. అప్పుడు పుస్తకాలు దీనికి ‘అపక్రమ భిన్నం’ అని పేరు పెట్టి ముందుకు సాగుతాయి. క్రమం తప్పింది భిన్నం కాదు, నిర్వచనం.

హారాన్ని ముక్క పరిమాణానికి పేరుగా తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. 1/4 అనేది ఒక ముక్క. దాని పేరు ‘పావు’. ఆ పావులు ఏడు ఉన్నాయి. ఏడు పావులంటే ఒకటీ ముప్పావు. కిరాణా దుకాణంలో పావుకిలో పొట్లాలు ఏడు కట్టించుకున్న వారెవరికీ ఇందులో వింత కనిపించదు.

సంఖ్యారేఖ కూడా ఇక్కడ సాయపడుతుంది. విశాఖపట్నం నుండి రాజమహేంద్రవరం వెళ్లే రైలు దారిలో తుని సుమారుగా సగం దూరంలో ఉంటుంది. ఇక్కడ ‘సగం’ అంటే కోసిన ముక్క కాదు, దారిలో ఒక చోటు. ప్రయాణం రాజమహేంద్రవరం దాటి అంతే దూరం సాగితే అది 3/2 అవుతుంది. భిన్నం ఒక ముక్క మాత్రమే కాదు, అది ఒక సంఖ్య అని చెప్పడానికి ఈ దృష్టి అవసరం. రొట్టె బొమ్మ దగ్గరే ఆగిపోయిన పాఠం ఈ మెట్టు ఎక్కించలేదు.

4. మాటల వెనుక ఉన్న అర్థం

పారిభాషిక పదాలను కంఠస్థం చేయించి, వాటి అర్థం చెప్పకపోవడం మన బోధనలో పాత లోపం. ‘హారం’ అనగానే పిల్లలకు మెడలో దండ గుర్తుకు రావడం సహజం. దానికీ దీనికీ సంబంధం లేదని ఎవరూ చెప్పరు.

‘భిన్నం’ అంటే విరిగినది, వేరైనది. ‘లవం’ సంస్కృతంలో కోయడం అనే అర్థంగల ధాతువు నుండి వచ్చిన మాట. కోసిన చిన్న తునక అని అర్థం. ‘లవలేశం’ అన్నప్పుడు మనం వాడేది ఈ మాటనే. ‘హారం’ హరించడం, అంటే తీసుకోవడం, పంచడం అనే అర్థం నుండి వచ్చింది. ‘భాగహారం’లో ఉన్న హారం ఇదే. కాబట్టి హారం అంటే పంచేది, లవం అంటే పంచగా చేతికి వచ్చిన తునకల లెక్క. సంస్కృత గణిత గ్రంథాల్లో వీటికి ‘అంశ’, ‘ఛేద’ అనే పేర్లు కూడా ఉన్నాయి. ఛేదం అంటే కోత. కోత ఎంత సన్నం? కోసినవాటిలో అంశలు ఎన్ని? రెండు ప్రశ్నలు, రెండు సంఖ్యలు.

ఐరోపా భాషల్లో వాడే పదాలు లాటిన్ నుండి వచ్చాయి. వాటి అర్థాలు కూడా గమనించదగినవి. పై సంఖ్యకు వారు పెట్టిన పేరుకు ‘లెక్కించేది’ అని, కింది సంఖ్యకు పెట్టిన పేరుకు ‘పేరు పెట్టేది’ అని అర్థం. మన పదాలు చేసే పనిని చెబితే, వారి పదాలు ఆ పని ఫలితాన్ని చెబుతాయి. రెండిటినీ కలిపి చూస్తే భావన పూర్తవుతుంది: హారం పంచి పేరు పెడుతుంది, లవం లెక్కపెడుతుంది.

మధ్యలోని అడ్డగీత విషయానికి వస్తే, అది భిన్నానికి పుట్టుకతో వచ్చింది కాదు. ప్రాచీన భారతీయ గణితజ్ఞులు గీత లేకుండానే ఒక సంఖ్య కింద మరొకటి రాసేవారు. అడ్డగీత 12వ శతాబ్దంలో మొరాకో ప్రాంతపు గణితజ్ఞుడు అల్ హస్సార్ రచనలో కనిపిస్తుంది. ఇటలీకి చెందిన ఫిబొనాచి 1202లో రాసిన గ్రంథం ద్వారా అది ఐరోపాలో ప్రచారం పొందింది. గీత ఆలస్యంగా వచ్చింది గనుక ‘గీతకు పైన, గీతకు కింద’ అన్నది భావనకు పునాది కాజాలదు.

5. తెలుగు ముందు హారాన్నే చెబుతుంది

3/5 ను బడిలో ‘మూడు బై అయిదు’ అని చదువుతాం. ఇంట్లో అదే పరిమాణాన్ని ఎలా చెబుతాం? ‘అయిదింట మూడు వంతులు.’ ఈ రెండు వాక్యాల క్రమాన్ని గమనించండి. బడి భాషలో లవం ముందు వస్తుంది. ఇంటి భాషలో హారం ముందు వస్తుంది. అయిదింట అన్నప్పుడే పంపకం జరిగిపోయింది. ఆ తరువాత మూడు అన్నప్పుడు లెక్కింపు జరిగింది. నిజంగా పని జరిగే క్రమమూ ఇదే. ముందు కొయ్యాలి, ఆ తరువాతే లెక్కపెట్టాలి.

కొరియా భాషలో కూడా హారాన్ని ముందు చెబుతారు. కొరియా, క్రొయేషియా, అమెరికా దేశాల పిల్లలను పోల్చుతూ 1999లో వెలువడిన ఒక పరిశోధన, బడిలో భిన్నాలు నేర్వకముందే కొరియా పిల్లలు భిన్నసంఖ్యను దాని బొమ్మతో జతచేయడంలో ముందున్నారని చూపింది. భాషలోని స్పష్టత ఇందుకు తోడ్పడుతుందని ఆ పరిశోధకులు భావించారు. 2003లో వచ్చిన మరొక పరిశోధన దీనికి కొన్ని సవరణలు సూచించింది: మాట తీరును స్పష్టంగా మార్చి చెబితే అమెరికా పిల్లలు కూడా మెరుగుపడ్డారని చూపింది. రెండిటి నుండి మనం గ్రహించవలసింది ఒకటే. ఏ జాతి పిల్లలూ పుట్టుకతో గొప్పవారు కారు, చెప్పే మాట తేడా తెస్తుంది. అటువంటి మాట తెలుగులో సిద్ధంగా ఉంది. దానిని తరగతి గది గుమ్మం దగ్గరే వదిలి రమ్మంటున్నాం.

పావు, అర, ముప్పావు అనే మాటల విషయం కొంచెం వేరు. వీటిలో హారం బయటికి కనిపించదు. ‘ముప్పావు’లో ‘ము’ అంటే మూడు, అది లవం. పావు అనేదే ముక్క పేరు, అందులో హారం దాగి ఉంది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రాకముందు రూపాయికి 16 అణాలు. నాలుగు అణాలు పావలా. ఆ తరువాత పావలా అంటే 25 పైసలయింది. 4/16, 25/100 రెండూ ఒకటే కనుక పేరు మారనవసరం లేకపోయింది. 25 పైసల నాణెం 2011 జూన్ 30 నుండి చెల్లుబాటు కాకుండా పోయింది గాని ‘పావలా’ మాట నేటికీ చెల్లుతోంది. ‘పదహారణాల తెలుగుదనం’ అంటే నూటికి నూరుపాళ్లు అని మనకు తెలుసు. లవమూ హారమూ సమానమైతే విలువ ఒకటి అవుతుందన్న సూత్రాన్ని, 16/16 = 1 అన్న సంగతిని, ఈ జాతీయం ఏ నిర్వచనమూ లేకుండా పట్టి ఉంచింది.

6. గిద్దె నుండి తూము దాకా

ధాన్యం కొలతల్లో మన పెద్దలు పాటించిన వరుసను చూడండి. నాలుగు గిద్దెలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. నడుమ అరసోల, తవ్వ, అడ్డ, ఇరస అనే సగపు కొలతలు ఉన్నాయి. తూమును మొత్తంగా తీసుకుంటే కుంచం 1/4, మానిక 1/16, సోల 1/64, గిద్దె 1/256.

ఈ భిన్నాలను రాయడానికి తెలుగులో ప్రత్యేకమైన గుర్తులు ఉండేవి. పావులకు నిలువు గీతలు: ఒక పావుకు ౹, రెండు పావులకు ౺, మూడు పావులకు ౻. పదహారో వంతులకు, అంటే వీసాలకు, అడ్డగీతలు: ౼, ౽, ౾. 64వ వంతులకు మళ్లీ నిలువు గీతలు, 256వ వంతులకు మళ్లీ అడ్డగీతలు. ఒక కుంచం, రెండు మానికలు, మూడు సోలలు అని రాయాలంటే ౹౽౻ అని రాస్తే సరిపోతుంది. దాని విలువ తూములో 27/64. ఈ గుర్తులు 2008లో యూనికోడ్ ప్రమాణంలో కూడా చేరాయి.

ఈ పద్ధతిలో లవం, హారం ఎక్కడ ఉన్నాయో ఆలోచించండి. గీతలు ఎన్ని అన్నది లవం. గీత నిలువా అడ్డమా, ఏ చోట ఉంది అన్నది హారం. రెండు సంఖ్యలను ఒకే రకంగా రాసి, ఒకటి పైన ఒకటి కింద పెట్టడం వల్ల వచ్చే తికమక ఇందులో లేదు. లెక్కపెట్టేది, పేరు పెట్టేది కంటికే వేరుగా కనిపిస్తాయి.

అయితే గతాన్ని పొగడడంతో విమర్శ పూర్తికాదు. ఈ పద్ధతికి పెద్ద పరిమితి ఉంది. ఇందులో మూడో వంతుకు చోటు లేదు. 1/3 ను నాలుగుల వరుసలో రాయాలంటే 1/4 + 1/16 + 1/64 + 1/256 ... అని పోతూనే ఉండాలి. గీతల్లో అది ౹౼౹౼... అంటే ఒక నిలువు, ఒక అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. ఎక్కడా ఆగదు. మొదటి మూడింటి దగ్గర ఆపితే 21/64 వస్తుంది. రూపాయి లెక్కలో చూస్తే, పాత రూపాయికి 64 పైసలు, 192 పైలు. 21/64 రూపాయి అంటే 63 పైలు. సరిగా మూడో వంతు 64 పైలు. తేడా ఒక్క పై. అణాను 12 పైలుగా చేయడం వల్ల ఆ ‘మూడు’ నాణేల్లోకి వచ్చింది. అందుకే రూపాయిలో మూడో వంతును అయిదు అణాల నాలుగు పైలుగా తేడా లేకుండా ఇవ్వగలిగారు. నాలుగుల కొలతలో అది కుదరదు.

దీన్ని బట్టి హారం స్వభావం మరింత స్పష్టమవుతుంది. కొన్ని హారాలనే అనుమతించే పద్ధతి ఆ హారాలకు ఎంతో సుఖంగా ఉంటుంది. కొత్త హారం వస్తే నిలిచిపోతుంది. ఏ సంఖ్యనైనా హారంగా అనుమతించే నేటి రాత పద్ధతి గొప్పతనం ఇక్కడే ఉంది. ఆ గొప్పతనాన్ని నేటి పాఠాలు చెప్పకపోవడం వల్లనే అది భారంగా కనిపిస్తోంది.

7. కలాసవర్ణం: ఒకే రంగులోకి తేవడం

భిన్నాలను కూడాలంటే హారాలు సమానం కావాలి. ‘క.సా.గు. కట్టు’ అన్నది బడి ఆజ్ఞ. ఎందుకన్నదానికి జవాబు ఒక పాత పేరులోనే ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలంలో జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’ రచించాడు. అందులో భిన్నాల అధ్యాయం పేరు ‘కలాసవర్ణం’. కళ అంటే అంశ, భాగం. సవర్ణం అంటే ఒకే వర్ణం కలది. వేరువేరు రంగుల ముక్కలను ఒకే రంగులోకి తెచ్చాకే లెక్కపెట్టడం సాధ్యం. సగం, మూడో వంతు వేరు రంగులు. రెండిటినీ ఆరో వంతులుగా మార్చితే మూడు ఆరో వంతులు, రెండు ఆరో వంతులు. మొత్తం అయిదు ఆరో వంతులు. 1/2 + 1/3 = 5/6. హారాలను ఎందుకు కూడకూడదో ఇప్పుడు చెప్పనవసరం లేదు. రంగును రంగుతో కూడం గదా. క.సా.గు.కు మహావీరుడు ‘నిరుద్ధం’ అనే పేరు వాడాడు.

అతడు చేసిన భిన్నాల వర్గీకరణ మన వాడుక మాటలకు దగ్గరగా ఉండడం మరో విశేషం. పూర్ణసంఖ్యకు భిన్నాన్ని చేర్చడం భాగానుబంధం: మన ‘రెండున్నర’. పూర్ణసంఖ్య నుండి భిన్నాన్ని తగ్గించడం భాగాపవాహం: మన ‘పావు తక్కువ ఎనిమిది’. భిన్నంలో భిన్నం ప్రభాగం: మన ‘సగంలో సగం’. గడియారం చూసి పావు తక్కువ ఎనిమిది అని చెప్పే ప్రతి ఇల్లాలూ భాగాపవాహం చేస్తున్నట్లే.

ఈ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. అతని ‘సారసంగ్రహ గణితం’ తెలుగులో తొలి శాస్త్రగ్రంథాలలో ఒకటి. లోకంలో ‘పావులూరి గణితం’గా ప్రసిద్ధం. తునికి, రాజమహేంద్రవరానికి నడుమ ఉన్న పిఠాపురం దగ్గరి నవఖండవాడను రాజరాజనరేంద్రుడు పావులూరి వంశానికి ఇచ్చినట్లు సాహిత్య చరిత్రలు చెబుతాయి. దానిని పొందినది కవియా, అదే పేరుగల అతని తాతయా అన్న విషయంలో పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. దాన్ని బట్టి కవి కాలం 11వ శతాబ్దమా, 12వ శతాబ్దమా అన్నది మారుతుంది. మల్లన మూలాన్ని యథాతథంగా దించలేదు. జైన సంబంధమైన ప్రస్తావనల చోట శైవ సంబంధమైనవి పెట్టాడు. తన పాఠకులకు తెలిసిన లోకంలో లెక్కను నిలబెట్టాడు. పాఠ్యపుస్తక రచయితలు అతని నుండి నేర్చుకోవలసింది ఇదే.

పద్యానికి ఒక పరిమితి కూడా ఉంది. పద్యం సూత్రాన్ని నాలుక మీద నిలుపుతుంది. కారణాన్ని విప్పి చెప్పడానికి దానిలో చోటు తక్కువ. భిన్నంతో భాగించాలంటే భాజకపు లవహారాలను తారుమారు చేసి గుణించాలన్న నియమం మహావీరుని గ్రంథంలోనే ఉంది. దాదాపు వెయ్యిన్నొక్క వందల ఏళ్లుగా దాన్ని ‘తలకిందులు చేసి గుణించు’ అని చెబుతూ వస్తున్నాం. కారణం చెప్పడానికి ఒక్క ప్రశ్న చాలు: మూడు కుంచాల్లో ఎన్ని మానికలు? ఒక కుంచంలో నాలుగు గనుక మూడింటిలో పన్నెండు. అంటే 3 ÷ 1/4 = 3 × 4 = 12. భాగించడమంటే ‘ఎన్ని ఉన్నాయి?’ అని అడగడం. ముక్క చిన్నదైతే జవాబు పెద్దదవుతుంది. పద్యం వదిలిన కారణాన్ని వచనం పూరించాలి. నేటి పుస్తకాలు వచనంలో ఉండి కూడా పద్యంలాగే ప్రవర్తించడం మన అసలు అభ్యంతరం.

8. వాటాల్లో భిన్నం

ఈ చర్చ తరగతి గదికి పరిమితమైనది కాదు. అర ఎకరం అంటే కోస్తాలో 50 సెంట్లు, తెలంగాణలో 20 గుంటలు. 50/100, 20/40 రెండూ ఒకటే. హారం మారితే లవమూ తదనుగుణంగా మారిందా అని చూసుకోవడమే సమాన భిన్నాల పాఠం.

ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానంగా హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో సవరణ చట్టం వచ్చింది. అప్పటికే పెళ్లయినవారు దాని పరిధిలోకి రాలేదు. 2005లో కేంద్ర సవరణ వచ్చింది. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మూడు ఎకరాల పొలం. ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క. ముగ్గురూ సమాన వాటాదారులు. ఒక్కొక్కరిది 1/3, అంటే 100 సెంట్లు. అక్క ‘సగం’ అమ్ముతున్నట్లు కాగితం రాశారు. దేనిలో సగం? ఆమె వాటాలో సగమైతే మొత్తంలో 1/6, అంటే 50 సెంట్లు. పొలంలో సగమైతే 150 సెంట్లు. అది ఆమె వాటానే మించిపోతుంది. ‘మొత్తం ఏది?’ అన్న ప్రశ్నను నాలుగో తరగతి పాఠం వదిలేసింది. దాని ధర ఇక్కడ నూరు సెంట్ల నేల. పత్రం మీద సంతకం పెట్టేముందు ఆ ప్రశ్న అడగగలగడం కూడా చదువే.

9. ఏమి మార్చవచ్చు?

పై పరిశీలన నుండి నాలుగు సూచనలు చేయవచ్చు.

మొదటిది, హారాన్ని ముందు బోధించాలి. ఏ మొత్తం, ఎన్ని సమాన భాగాలు, ఒక్కొక్క ముక్క పేరేమిటి అన్నవి స్థిరపడ్డాకే లవానికి రావాలి.

రెండవది, ‘తీసుకున్న భాగాలు’ అనే మాట బదులు ‘అటువంటి ముక్కలు ఎన్ని’ అనాలి. ఇది 3/4 కూ 7/4 కూ సమానంగా సరిపోతుంది.

మూడవది, ‘అయిదింట మూడు’ అని మొదట చదివించి, ఆ తరువాత ‘మూడు బై అయిదు’కు రావాలి. ‘బై’ వాడకూడదని దీని అర్థం కాదు. పెద్ద లెక్కల్లో అది సౌకర్యమే. పై తరగతుల్లోను, పోటీ పరీక్షల్లోను ఆ వాడుకే ఎదురవుతుంది కాబట్టి మొదటినుండీ దానినే అలవాటు చేయాలని వాదించేవారు ఉన్నారు. అలవాటు అవసరమే. కాని అర్థం లేని అలవాటు పరీక్షదాకా వస్తుంది, పొలం గట్టుదాకా రాదు.

నాలుగవది, హారం సున్నా ఎందుకు కాకూడదో కారణంతో చెప్పాలి. సున్నా హారంగా గల రాశికి 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘ఖహరం’ అని పేరు పెట్టి, దానిని అనంతంగా భావించాడు. నేటి గణితం దానికి విలువ నిర్వచించదు. ‘సున్నా సమాన భాగాలు చేయి’ అన్న పని ఎవరికీ సాధ్యం కాదు కనుక ఆ ముక్కకు పేరు పెట్టలేం. హారం పేరు పెట్టేదని గ్రహించిన విద్యార్థికి ఈ నియమం నిషేధంలా కాక సహజంగా కనిపిస్తుంది.

10. సారాంశం

లవం, హారం ఒకే రకం సంఖ్యలు కావు. హారం మొత్తాన్ని పంచి ముక్కకు పేరు పెడుతుంది. లవం ఆ ముక్కలను లెక్కిస్తుంది. స్థానాన్ని మాత్రమే చెప్పే నిర్వచనం ఈ తేడాను కప్పేస్తుంది. ‘తీసుకున్న భాగాలు’ అనే నిర్వచనం ఒకటికంటే పెద్ద భిన్నాల దగ్గర విఫలమవుతుంది. తెలుగు నుడికారం హారాన్ని ముందు చెబుతూ ఈ భావనకు దారి చూపుతోంది. పాత కొలతల గుర్తులు ఈ తేడాను కంటికి చూపాయి గాని మూడో వంతు దగ్గర ఆగిపోయాయి. కలాసవర్ణం అనే పేరు కూడికలోని కారణాన్ని చెబుతుంది. ‘దేనిలో?’ అన్న ప్రశ్న లేని భిన్నం అసంపూర్ణం.

11. మీ ప్రగతిని సరిచూసుకోండి

అ) క్రింది వాటికి ఒక్క వాక్యంలో జవాబు రాయండి.

1. ‘ఒకటికి ఆరు’ పాళ్లలో కలిపిన సరుకులో సిమెంటు ఎన్నో వంతు?
2. ౺౼ అనే పాత గుర్తుల విలువ ఎంత?
3. ‘పావు తక్కువ మూడు’ను భిన్నంగా రాయండి. ఇది మహావీరుని వర్గీకరణలో ఏ రకం?
4. 1/2 + 1/3 + 1/9 + 1/18 ను ఒకే రంగులోకి తెచ్చి కూడండి.

ఆ) క్రింది వాటికి ఇరవై పంక్తులలో జవాబు రాయండి.

1. ‘5 కంటే 8 పెద్దది గనుక 3/5 కంటే 3/8 పెద్దది’ అన్న విద్యార్థికి మీరు ఎలా వివరిస్తారు? మీ ఊరి నుండి ఒక ఉదాహరణ తీసుకోండి.
2. మీ ఇంట్లోని పెద్దలను అడిగి, వారికి తెలిసిన భిన్నాల పేర్లు, కొలతలు సేకరించండి. ప్రతిదానిలో లవం, హారం ఎక్కడ ఉన్నాయో విమర్శనాత్మకంగా చర్చించండి.

జవాబులు (అ): 1. ఏడో వంతు, 1/7. 2. 2/4 + 1/16 = 9/16. 3. 11/4, భాగాపవాహం. 4. 9/18 + 6/18 + 2/18 + 1/18 = 18/18 = 1.